వంకర తల

క్రుషెవ్ దోల్
మార్చి 4, 2005

బిసేరా వదినకు,

నీ ఆడపడుచు జ్లాతీనా రాస్తున్నది. కవరులో ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన మార్తెనిత్సా పెట్టాను. అమ్మ పేనింది, మణికట్టుకు కట్టుకో. "సముద్రపు తడిగాలిలో ఉంటోంది కోడలు, మెడకు కూడా ఏదైనా చుట్టుకోమను" అంది. చెప్పాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నీకు అనిపిస్తుంది. ఫోన్ చేస్తే ఈ ఊరి నంబరు చూసి ఎత్తవు. కంప్యూటర్లో రాస్తే మా డైరెక్టరు చదువుతాడు. పరిశోధన కేంద్రంలో ఎవరు ఎవరికి ఏం రాసుకున్నారో చూడనిదే కుయుంజీయెవ్‌కు పొద్దుటి కాఫీ దిగదు. ఇక మిగిలింది తపాలా పెట్టే.

పోయిన నెలాఖరున గాలివానకు కరెంటు తీగ తెగి తీగ మీద పడింది. కేంద్రంలో దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. నువ్వు నిలబెట్టిన లినక్స్ కంప్యూటర్లో రెండు డిస్కులూ మాడిపోయాయి. ఏ బేరిచెట్టుకు తల్లి ఏది, తండ్రి ఏది, కొమ్మలు కాల్చినట్టు నల్లబడే ఆ నిప్పుతెగులు వచ్చిన ఏడాది ఏది బతికింది, ఏది చచ్చింది, అన్నీ అందులోనే కదా. చెట్లు కొండ మీద నిక్షేపంలా ఉన్నాయి. ఎవరు ఎవరి బిడ్డో చెప్పే నోరు లేదు.

టేపులున్నాయి. నువ్వు పెట్టి వెళ్ళిన పాత టేపులే, ఆ తర్వాత ఎవరూ కొత్తవి రాయలేదు. కొత్త డిస్కులు వేసి లినక్స్ మళ్ళీ ఎక్కించాం. కానీ టేపు యంత్రం ఒక పూట అసలు లేనే లేనంటుంది. ఇంకో పూట ఉన్నానంటుంది గానీ, టేపు పెడితే కాసేపు కుయ్యిమని తిప్పి, ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎర్రర్ అని ఉమ్మేస్తుంది. నీ తర్వాత నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు గానీ, నేను అంట్లు కట్టే పాకలోంచి వచ్చినదాన్ని. నువ్వు రాసి పెట్టిన నాలుగు ఆజ్ఞలు నొక్కడం తప్ప నాకేం తెలుసు?

అక్టోబరులో సోఫియా నుంచి పరీక్షాధికారులు వస్తారు, అన్న పెంచిన ఆ బేరిని కొత్త రకంగా నమోదు చేయడానికి. దాని పుట్టుపూర్వోత్తరాలు చూపాలి. దరఖాస్తులో ఏ పేరుందో నీకు తెలుసు. నేను రాయను.

కాస్త దారి చూపించు, వదినా.

జ్లాతీనా


బుర్గాస్
మార్చి 15

జ్లాతీ,

నీ ఉత్తరం నా దుకాణంలో నిలబడే చదివాను. తర్వాత తలుపుకు గొళ్ళెం పెట్టి, కూర్చుని మళ్ళీ చదివాను. ప్రింటరు బాగుచేయించుకోవడానికి వచ్చినావిడ బయట అద్దం మీద కొడుతూనే ఉంది. కొట్టనీ అనుకున్నాను. మీ అన్న పోయాక ఇంత సంతోషంగా నేను ఏ కాగితమూ చదవలేదు.

రెండూ మాడాయా! ఒకటి మిగిలి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు.

పేరు నువ్వు రాయకపోతే నేను రాస్తాను. 'కుయుంజీయెవా'. నా మొగుడు వయసంతా కొండ మీద ధారపోసి పెంచిన బేరికి వాడు తన ఇంటిపేరు తగిలించాడు. కాదన్నందుకు యావోర్‌ను గెంటాడు. గట్టిగా అడిగినందుకు నన్ను గెంటాడు. ఇప్పుడా బేరికి తల్లెవరో చెప్పుకోలేక చస్తున్నాడు. దేవుడు ఆలస్యంగా లేస్తాడు గానీ, లేస్తే మంచి పనే చేస్తాడు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు అడిగితే కాదనలేను. కానీ ఉత్తినే చెప్పను. నా ధర ఇదీ: నేను చెప్పే ఒక్కో ఉపాయానికి, వాడెలా ఉన్నాడో నువ్వు నాకు రాయాలి. చెమట పడుతోందా? తిన్నది ఒంటబడుతోందా? ఎవరి మీద అరుస్తున్నాడు? ఏదీ వదలకు.

మొదటి ఉపాయం. టేపు యంత్రానికి వెళ్ళే వెడల్పాటి కేబులు చివర చిన్న బిరడా ఉండాలి. అది లేకపోతే కేబులులో పంపిన మాట చివరికి తగిలి వెనక్కి వస్తుంది, యంత్రం తికమకపడుతుంది. డిస్కులు మార్చినవాడు దాన్ని పీకి ఏ బల్ల మీదో మరిచిపోయి ఉంటాడు. వెతికి పెట్టు. కంప్యూటరు లేచేటప్పుడు తెర మీద కురిసే అక్షరాల్లో టేపు యంత్రం పేరు కనపడాలి. కనపడితే, టేపు చదివే తలను తుడిచే కేసెట్టు ఒకసారి వేసి, ఎమ్‌టీ స్టేటస్ అని కొట్టు. ఏమంటుందో రాయి.

వాడి సంగతి ముందు రాయి. యంత్రం సంగతి తర్వాత.

బిసేరా


క్రుషెవ్ దోల్
ఏప్రిల్ 2

వదినా,

నీ ధర ముందు చెల్లిస్తున్నాను.

డైరెక్టరు పొద్దుట నాకంటే ముందే వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడుతున్నాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉంటాడు. బిరడా కిటికీ గూట్లో దొరికింది, పూలకుండీ కింద ఎత్తుకి పెట్టారెవరో. పెట్టగానే యంత్రం తన పేరు చెప్పుకుంది. ఆయన నా భుజం మీంచి వంగి చూశాడు.

"ఏమంటోంది?"

"తయారుగా ఉన్నానంటోంది."

"మరి చదవమను!"

"చదవనంటోంది."

"దీనికీ పొగరు ఎవరు నేర్పారు?" అన్నాడు. ఎవరి పేరు నోటిదాకా వచ్చిందో నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. చెత్తబుట్టను ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయాడు.

ఇంకా ఉంది. కడుపులో మంటట. వాళ్ళావిడ పెంకా మధ్యాహ్నం చిన్న కుండలో పెరుగు పట్టుకొస్తుంది. అందరి ముందూ "తాగు, మళ్ళీ రాత్రి మూలుగుతావు, నాకు నిద్రుండదు" అని నిలబడి తాగిస్తుంది. మూతి మీద పెరుగు తెల్లగా ఉండగానే గుమాస్తాల మీద అరుస్తాడు. ఎవరూ చెప్పరు.

సోఫియా నుంచి ఒక బాగుచేసేవాణ్ణి పిలిపించాడు. వాడు కొత్త టేపు పెట్టి రాశాడు, చదివాడు. భేషుగ్గా ఉంది. "యంత్రం బంగారం. మీ టేపులే ముసలివైపోయాయి, పాతిపెట్టండి" అని చెప్పి, ఇంత జున్ను బానిత్సా తిని వెళ్ళాడు. డైరెక్టరు ఆ సాయంత్రం టేపుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు, పిల్లకు జ్వరమొచ్చినట్టు.

ఎమ్‌టీ స్టేటస్ అంతా బాగుందంటోంది. తల తుడిచాను. పాత టేపు పెడితే మళ్ళీ అదే ఎర్రర్. తర్వాత ఏం చేయను?

జ్లాతీనా


బుర్గాస్
ఏప్రిల్ 20

జ్లాతీ,

మూతి మీద పెరుగు! ఆ వాక్యం దగ్గర ఆగి ఆగి చదివాను. నిండు భోజనం పెట్టావు.

ఇదిగో నీ వాటా. టేపు మీద రాత గంపలుగా ఉంటుంది. గంప ఎంతదో యంత్రానికి తప్పుగా చెబితే ఎత్తలేదు. ఎమ్‌టీతో ఆ కొలత సున్నా చెయ్యి, అంటే ఏ గంప వస్తే ఆ గంప తీసుకోమని. ప్రతిసారీ టేపును మొదటికి చుట్టేసే పేరుతో కాక, చుట్టకుండా ఉంచే పేరుతో యంత్రాన్ని పిలువు. అప్పటికీ రాకపోతే డీడీ అనే ఆజ్ఞతో, తప్పులు వచ్చినచోట దాటేసి, దొరికినంత దింపు. ఇవన్నీ సరైన పద్ధతులే. ఏ పుస్తకంలో చూసినా ఇవే ఉంటాయి.

అయినా చదవకపోవచ్చు. చదవకపోతే మళ్ళీ రాయి. నాకు తొందర లేదు. వేసవంతా ముందుంది.

యావోర్‌ను గెంటిన రోజు నువ్వు పాకలో ఉన్నావు, లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. నేను పక్కగదిలో ఉన్నాను, తలుపు ఓరగా ఉంది. యావోర్ తగాదా పెట్టుకోవడానికి వెళ్ళలేదు. "పేరు మీకిష్టమైంది పెట్టుకోండి. పుట్టించినవారు అనేచోట మాత్రం నన్నుండనివ్వండి" అన్నాడు. దానికి వాడు ఏమన్నాడో తెలుసా? "బేరిచెట్టును పుట్టించేది దేవుడు, దాన్ని కాగితం మీద పెట్టేది డైరెక్టరు. మధ్యలో నువ్వెవరివిరా? అంట్లు కట్టే కూలివి." ఆ తర్వాత చెయ్యి చాపాడు. "కత్తి ఇచ్చి వెళ్ళు. అది కేంద్రం సొత్తు."

మీ అన్న అంటుకత్తిని జేబులోంచి తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు. పిడి ఆయన చేతికి అరిగి వంపు తిరిగిపోయింది. వేరే ఎవడి చేతిలోనూ అది నిలవదు. ఆ ఏడాదే గ్రీసు వెళ్ళాడు, ఆలివ్‌లు రాల్చడానికి. చెట్టు తెలిసిన మనిషి చెట్టు మీంచి పడ్డాడంటే నేను నమ్మను. నిచ్చెన మీద నిలబడ్డప్పుడు ఆయన మనసు ఏ కొండ మీద ఉందో నాకు తెలుసు.

అందుకే ఒక్క పెరుగు కుండ నాకు చాలదు. ఇంకా రాయి.

బిసేరా


క్రుషెవ్ దోల్
జూన్ 10

వదినా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. గంప కొలత మార్చాను. చుట్టని పేరుతో పిలిచాను. డీడీ పొద్దుటినుంచి సాయంత్రందాకా తిప్పి తిప్పి ఒక్క అక్షరం దింపలేదు.

ఈసారి ఆయన కథలు రాయను. నా కథ రాస్తాను. ముందే రాయాల్సింది. అమ్మకు తెలియకూడదని, నీ జాలి మీద బతకకూడదని దాచాను.

డైరెక్టరు ఏప్రిల్‌లోనే ఒక ఉత్తర్వు రాసి గోడకు అంటించాడు. టేపులు భద్రంగా చూడాల్సిన బాధ్యత జ్లాతీనా దెస్పొతొవాది, నష్టానికి జవాబుదారీ ఆమెదే, అక్టోబరుకు రికార్డులు దొరక్కపోతే ఉద్యోగం తీసేసి కేసు పెడతాం. నాతో పనిచేసేవాళ్ళు ఇప్పుడు టిఫినుకు నా బల్ల దగ్గర కూర్చోవడం లేదు. అమ్మ రోజూ అడుగుతుంది, "ఆ మిషను బాగుపడిందా తల్లీ?" అని. ఆమెకు అది ఒట్టి మిషను.

ఇంకొకటి. నాకు కంప్యూటరు తెలియకపోవచ్చు, నువ్వు తెలుసు. ఏదైనా తెలియకపోతే పొట్టిగా, విసుగ్గా రాస్తావు. నీ రెండు ఉత్తరాలూ పెళ్ళిపిలుపుల్లా ఉన్నాయి. ఆ టేపులు ఎందుకు చదవడం లేదో మొదటి రోజునుంచీ నీకు తెలుసు. నన్ను చీకట్లో పెట్టి, తలుపు సందులోంచి వాడి ముఖం చూస్తూ కూర్చున్నావు.

నువ్వు రాయి విసిరింది వాడి మీదికే. తగిలింది నాకు. ఒక దెస్పొతొవ్‌ను వాడు తిన్నాడు. రెండోదాన్ని నువ్వు వడ్డిస్తావా?

జ్లాతీనా


బుర్గాస్
జూన్ 16

జ్లాతీ,

నువ్వు నన్ను తిట్టింది తక్కువ. ఎదురుగా వచ్చినప్పుడు మిగతాది తిట్టు. వాడికి తప్పించుకునే దారి కావాలని, ఆ దారికి నిన్ను పరుస్తాడని నాకు తోచనే లేదు. నాకు చేసిందే నీకూ చేస్తాడని నాకు తోచకపోతే మరెవరికి తోచాలి?

నిజం ఇదీ. టేపులకు ముసలితనం రాలేదు. మీ కొత్త యంత్రానికీ జబ్బు లేదు. జబ్బు ఆ టేపులు రాసిన పాత యంత్రానిది. టేపు మీద రాత ఏటవాలు గీతల్లా పడుతుంది, రాసేది గుండ్రటి తల. మన పాత యంత్రానికి ఆ తల ఎప్పుడో వెంట్రుకవాసి పక్కకు జరిగింది. వంకరగా రాసింది, ఆ వంకర తలతోనే తిరిగి చదువుకుంది. తన రాత తనకు బాగానే ఉంది గనక రోజూ అంతా క్షేమమని చెప్పింది. తిన్నని తల ఉన్న యంత్రం లోకంలో ఏదీ ఆ గీతలు పట్టుకోలేదు.

కొత్తది వచ్చిన రోజే ఒక పాత టేపు పెట్టి చూసి ఈ సంగతి కనిపెట్టాను. వాడితో చెప్పాను. "పాత టేపులన్నీ ముందు కొత్తవాటిమీదికి ఎక్కించాలి, ఆ తర్వాతే పాతదాన్ని తీయాలి" అన్నాను. "టేపంటే టేపే. నీ చాదస్తం నీ దగ్గర పెట్టుకో" అని, నా కళ్ళముందే దాన్ని ఇనుప సామాన్ల కుప్పలోకి విసిరేయించాడు. కుప్ప తీసుకెళ్ళడానికి వచ్చిన బండివాడికి ఒక రకియా సారా సీసా ఇచ్చి దాన్ని దింపించుకున్నాను. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. మంచి మోటారు ఉంది, పనికొస్తుందనుకున్నాను.

అది ఇప్పుడు నా ఇస్త్రీ బల్ల కింద ఉంది. ఆ టేపులు చదవగల యంత్రం అదొక్కటే.

ఈ ఉత్తరం పట్టుకుని వాడి గదికి వెళ్ళు. ఇదొక్క పేజీ చూపించు. నా షరతులు చెప్పు. ముందు నీ మీద రాసిన ఉత్తర్వు అందరూ చూస్తుండగా తన చేత్తో చింపాలి, చింపానని ముద్ర వేసి నీకివ్వాలి. తర్వాత టేపులన్నీ తనే మోసుకుని నా ఇంటికి రావాలి. మనిషిని పంపితే తలుపు తీయను. మూడోది, దరఖాస్తులో పుట్టించినవారు యావోర్ దెస్పొతొవ్ అని రాసి, బేరికి పేరు పెట్టే హక్కు నాకిచ్చినట్టు సంతకం చేసిన కాగితం తేవాలి.

వాడు ఎగిరితే ఎగరనీ. యంత్రం పక్కన సుత్తి కూడా ఉందని చెప్పు.

బిసేరా


క్రుషెవ్ దోల్
జూలై 3

వదినా,

ఇంకా కోపం పోలేదు, అయినా రాస్తున్నాను. ఇది నువ్వు చదవాలి.

పేజీ ఆయన బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తీసి చదివాడు.

"ఇది దొంగతనం. అది కేంద్రం సొత్తు" అన్నాడు.

"చెత్తకుప్పకు మీరే పంపారు. చెత్తబండి ఎవరికి ఏమిస్తే మనకెందుకు?"

"పోలీసులకు చెబుతాను."

"చెప్పండి. వాళ్ళు తలుపు కొట్టేలోపు మా వదిన సుత్తి ఎత్తుతుంది. ఆవిడ సంగతి మీకు తెలుసు."

కూర్చున్నాడు. కిటికీలోంచి తోట చూశాడు. "ఆవిడకేం కావాలి? ఉద్యోగం తిరిగి ఇస్తాను. మీ ఇద్దరికీ ఇస్తాను. పేరు కూడా... సరే, యావోర్ అని పెట్టుకోమను. చచ్చినవాడి పేరు, నాకేం పోతుంది?" అన్నాడు.

"షరతులు మూడే. నాలుగోది మీరు కలపకండి."

నా గొంతు అంత చల్లగా పలుకుతుందని నాకే తెలియదు. మా అమ్మ కోడిమెడ మీద కత్తి పెట్టేటప్పుడు ఆమె గొంతు అలా ఉంటుంది.

మర్నాడు టిఫినువేళ గోడ దగ్గరికి వెళ్ళి ఉత్తర్వు చింపాడు. జిగురు గట్టిగా ఉంది. ఒక్కసారిగా రాలేదు, గోళ్ళతో గీకి గీకి తీయాల్సొచ్చింది. ఎవరూ కప్పు ఎత్తలేదు, రొట్టె నమల్లేదు. ఆ గీకుడు శబ్దం ఒక్కటే. చివరికి పెంకా పెరుగు కుండతో వచ్చి, "గోడ పాడుచేస్తున్నావేమిటి?" అంది.

ఆగస్టులో వస్తాడు. కారు మెకానిక్కు దగ్గర ఉందట. బస్సులో వస్తున్నాడు.

జ్లాతీనా


బుర్గాస్
ఆగస్టు 19

జ్లాతీ,

వచ్చాడు, పోయాడు.

తలుపు తీసేసరికి చెమటతో తడిసి నిలబడి ఉన్నాడు. టేపులు చేపలు పెట్టుకునే చల్లటి సంచిలో తెచ్చాడు, ఎండకు పాడవుతాయని. అంత తెలివి నాలుగేళ్ళ కిందట ఉండుంటే బాగుండేది. "బిసేరా గారూ" అన్నాడు. ఎన్నేళ్ళు పనిచేశానో అన్నేళ్ళూ "ఏయ్, కంప్యూటరమ్మాయ్" అని పిలిచిన నోరు. లోపలికి రమ్మన్నాను. సంతకం చేసిన కాగితం చూశాను, దీపం కింద పెట్టి చూశాను, అప్పుడు కుర్చీ చూపించాను.

ఆకలితో మనిషిని కూర్చోబెట్టడం మా ఇంట్లో లేదు. చిక్కుడు గింజల పులుసు పోశాను. ఉప్పు వేయలేదు. అడగలేదు వాడు.

యంత్రాన్ని బల్ల మీదికెక్కించి కేబులు కలిపాను. మొదటి టేపులు నీళ్ళు తాగినట్టు చదివింది. వాడు "అమ్మయ్య" అన్నాడు. బేరి పుట్టిన ఏళ్ళ టేపు ఆఖరిది. అది పెట్టగానే ఆగింది. లోపల కేసెట్టు కూర్చునే తట్ట వదులైపోయింది, ఒక మూల లేస్తోంది. నేను వేలితో నొక్కి చూశాను, నడిచింది.

"ఇక్కడ బొటనవేలు పెట్టండి. గట్టిగా కాదు, మెల్లిగా. తీయకండి" అన్నాను.

పెట్టాడు. వేలు వణికినప్పుడల్లా ఎర్రర్ వచ్చింది. వచ్చినప్పుడల్లా "మళ్ళీ మొదటినుంచి" అని టేపు చుట్టాను. కిటికీలో ఎండ బల్ల మీంచి నేలకు, నేల మీంచి గోడకు పోయింది. వాడు నిలబడే ఉన్నాడు, వంగి, నా యంత్రంలో వేలు పెట్టి. తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే కురిశాయి. ప్రతిదాని వెనకా మీ అన్న పేరు. అలాగే రాసేవాడు కదా, ఎవరు అంటు కట్టారో వాళ్ళ పేరు చివర ఉండాలని. పాకలో నువ్వు కట్టినవాటికి నీ పేరు కూడా ఉంది.

"ఎలా పోయాడు?" అన్నాడు ఉన్నట్టుండి.

"చేతిలో కత్తి ఉన్నన్నాళ్ళూ నేల మీద నిలబడ్డాడు. మీరు కత్తి తీసుకున్నారు. గ్రీసువాళ్ళు కర్ర ఇచ్చి నిచ్చెన ఎక్కించారు."

ముఖం మీద కారింది చెమటో మరొకటో నేను చూడదలచుకోలేదు. వేలు మాత్రం కదల్లేదు. అక్కణ్ణుంచి ఒక్క ఎర్రర్ రాలేదు. ఆఖరి ఫైలు దిగి యంత్రం ఆగినప్పుడు ఇద్దరం తెర మీదికి ఒకేసారి వంగాం. తల తల తగిలింది. ఆ ఒక్క క్షణం వాడి మీద నాకు ఏమీ అనిపించలేదు. అంతా దిగింది జ్లాతీ. ఒక్క చెట్టూ పోలేదు.

వెంటనే మళ్ళీ అనిపించిందనుకో.

అగ్గిపెట్టె అట్టముక్క మడిచి ఆ మూలన దూర్చినా సరిపోయేది. అట్ట నా జేబులోనే ఉంది. చెప్పలేదు.

"డిస్కు ఇప్పిస్తారా?" అని చెయ్యి చాపాడు. బొటనవేలు నల్లగా, సొట్టపడి ఉంది. "జ్లాతీనాకు పోస్టులో వెళుతోంది. ఇకమీదట మీకేది కావాలన్నా ఆమెను అడగండి" అన్నాను. దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒక్కో టేపు అవగానే కాపీ తీసి తపాలాకు పట్టుకెళుతూనే ఉంది, వాడు యంత్రం మీంచి కళ్ళు తిప్పలేదు. ఖాళీ సంచి పట్టుకుని బస్సుకు పోయాడు.

పేరు సంగతి. యావోర్ అని పెడతాననుకుంటున్నాడు. ఆ నోటితో నా మొగుడి పేరు రోజుకు పదిసార్లు పలికించుకోవడానికా నేనింత చేసింది? పేరు ఈ కవరులో ఒక చీటీ మీద ఉంది. అధికారులు వచ్చేదాకా విప్పకు. విప్పాక వాడి చేత్తోనే రాయించు.

బిసేరా


క్రుషెవ్ దోల్
డిసెంబరు 12

వదినా,

ఆలస్యమైంది, తిట్టకు. మొత్తం అయ్యాక రాద్దామనుకున్నాను.

అధికారులు ముగ్గురు వచ్చారు. రికార్డులు చూపించాను, చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను, అన్న పేరు చెప్పి అన్నీ వివరించాను. డైరెక్టరు మా వెనకాల నడిచాడు. చివరికి "పేరు?" అన్నారు. చీటీ విప్పాను. చదివి ఆయన ముందు పెట్టాను.

క్రాదెనా. దొంగసొత్తు.

ఆయన కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయాడు. అధికారుల్లో పెద్దాయన నవ్వాడు. "భలే పేరు! దొంగిలించిన పండే తీపంటారు. బజార్లో బాగా పోతుంది. రాయండి, రాయండి" అన్నాడు. డైరెక్టరు నా వంక చూశాడు. నేను తల తిప్పుకోలేదు. రాశాడు. ఆయనది ముత్యాల్లాంటి చేతిరాత, వదినా. ఆ రోజు ఆ అక్షరాలు కొండెక్కి దిగాయి.

ఆయనెక్కడికీ పోలేదు. డైరెక్టరుగానే ఉన్నాడు, ఇంకో రెండేళ్ళు ఉంటాడు. పొద్దుట నా తలుపు తట్టి, "జ్లాతీనా గారూ, ఫలానా వరస చెట్ల వివరం కాస్త చూస్తారా?" అంటాడు. "కాగితం మీద రాసి పెట్టండి" అంటాను. రాసి పెడతాడు. సాయంత్రందాకా ముట్టుకోను. ఇది తీయగా ఉంది వదినా, ఎంత తీయగా ఉందో చెప్పడానికి భయంగా ఉంది. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ఇక శనివారం సంగతి. లోయలో పదేళ్ళ కిందట అన్న ఇచ్చిన మొక్కలు పెంచిన రైతులు మొదటిసారి పేరు పలక రాసి బజార్లో పెట్టారు. మన దోనా అవ్వ పెట్టె మీద పెట్టె పేర్చుకుని, "క్రాదెనా! క్రాదెనా! తియ్యటి క్రాదెనా!" అని అరుస్తోంది. పొరుగూరి మనిషి ఎవరో ఆగి, "ఇదేం పేరే అవ్వా? ఎవరు దొంగిలించారు?" అన్నాడు.

దోనా అవ్వ గడ్డం ఎత్తి చూపించింది. "అదుగో, బూడిదరంగు టోపీ. ఉల్లికాడల సంచి పట్టుకుని నిలబడ్డాడే, ఆయన."

జనం తిరిగి చూశారు. ఆయన ఉల్లికాడలతో అక్కడే పాతుకుపోయాడు. పక్కన పెంకా ఉంది. ముఖం ఎర్రబడింది. మొగుణ్ణి లాక్కుని పోతుందనుకున్నాను. సరాసరి దోనా అవ్వ పెట్టెల దగ్గరికి వచ్చి సంచి తెరిచింది.

"రెండు కిలోలు వెయ్యి. దొంగసొత్తు మా ఇంట్లో అలవాటే."

నేనూ కొన్నాను. ఇంటికొచ్చి అమ్మకు మొదటినుంచీ చెప్పాను. టేపు సంగతి, ఉత్తర్వు సంగతి, నీ ఇంట్లో బొటనవేలు, అన్నీ. నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. పండు ఒకటి తీసుకుని, తొక్క తీసి, చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"ఇంకో వారం మాగాలి" అంది. మిగతావి గడ్డిలో పెట్టింది.

జ్లాతీనా